రెండవ టేపు ఎక్కడ పెట్టారు?



ఈ పత్రికలో మీరు రేడియోలో వినిపించిన ప్రసంగములను చదువుచున్నారు. ప్రసంగీకుని పేరు పైన ఉంటుంది, వాక్యభాగము దాని క్రింద ఉంటుంది. అయితే ఆ మాట మైకు దగ్గర బయలుదేరి మీ చెవి వరకు ఎలా చేరినదో, దారిలో తెగిపోయినప్పుడు ఎవరు ఏమి చేశారో ఎవరును వ్రాయరు. ఈసారి ప్రసంగము కాక ఆ సంగతి మీతో చెప్పవలెనని ఉన్నది. దానికి కారణము గాజువాకలోని మా మందిరములో జరిగిన ఒక పొరపాటు. ఆ పొరపాటు నాదే గనుక దాచవలసిన పని లేదు.

అది 2020 వేసవి. మార్చి 22 ఆదివారము జనతా కర్ఫ్యూ, 25వ తేదీ నుండి దేశమంతట లాక్‌డౌన్. మందిరము తలుపులు మూసివేశాము. పాస్టరుగారు, పాట పాడే ఒక సహోదరి, మైకు చూచుకొనే నేను, ముగ్గురమే లోపల ఉండి ఆరాధనను ఇంటర్నెట్ ద్వారా ఇండ్లకు పంపుచుంటిమి. బటన్ల ఫోను తప్ప మరేదియు లేని పెద్దవారి కొరకు కాన్ఫరెన్సు కాల్ పెట్టాము. వారు ఒక నంబరు నొక్కితే చాలు, ఆరాధన వినిపించేది. వారిలో మంచము దిగలేని ఒక అమ్మమ్మగారు ఉన్నారు. ఫోను స్పీకరు ఆన్ చేయించుకొని తలగడ ప్రక్కన పెట్టుకొనేవారు.

ఒక ఆదివారము వాక్యము మధ్యలో ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఫ్యూజు ఎగిరిపోయినది. నేను సిద్ధపాటు లేనివాడను కాను. శనివారమే ఒక ప్రసంగము రికార్డు చేసి, అవసరమైతే వినిపించుటకు వేరొక ప్లేయరులో పెట్టియుంచాను. కాని మిక్సరు, ఇంటర్నెట్ రూటరు, ఆ ప్లేయరు, మూడింటి ప్లగ్గులును ఆ ఒక్క బాక్సులోనే ఉన్నవి! కాన్ఫరెన్సు కాల్ ఫోనుకు బ్యాటరీ ఉన్నది గాని దానికి శబ్దము వచ్చేది మిక్సరు నుండియే. వెలుతురు చాలని మూలలో చేతులు వణకుచుండగా నేను ఫ్యూజు వెదకుకొనునప్పటికి పదకొండు నిమిషములు గడిచినవి.

సాయంత్రము అమ్మమ్మగారికి ఫోను చేశాను. "ముందు నా సెవే పోనాదనుకున్నాను బాబూ. తర్వాత మీకే ఏటో అయిపోనాదేమోనని బయమేసింది" అన్నారు. ఆ దినములలో ఎవరి ఇంటి ఫోను మ్రోగకపోయినా ఇతరులు ఏమనుకొనేవారో మీకు జ్ఞాపకము ఉండియే యుండును. నేను పదకొండు నిమిషములు ఫ్యూజు గురించి ఆలోచించాను. ఆమె పదకొండు నిమిషములు మా చావు గురించి ఆలోచించారు.

నాకు లేనిది రెండవ ఏర్పాటు కాదు. దానిని పెట్టిన చోటు తప్పు. అప్పటినుండి మన వాక్యపు చరిత్రను, ప్రసారముల చరిత్రను ఏ పుస్తకములో చదివినను నాకు ఒకే ప్రశ్న ముందుగా తోచుచున్నది: వీరు రెండవ ప్రతిని ఎక్కడ పెట్టారు?

యిర్మీయా గ్రంథము 36వ అధ్యాయము తెరచి చూడుడి. ప్రవక్త చెప్పగా బారూకు వ్రాసిన గ్రంథపు చుట్టను రాజైన యెహోయాకీము ఎదుట చదివించారు. చలికాలము గనుక రాజు ముందర కుంపటి మండుచున్నది. మూడు నాలుగు పుటలు చదువగానే రాజు చాకుతో కోసి ఆ నిప్పులో వేయుట, చుట్ట అంతయు అయిపోవువరకు అదే పని. ఆ చుట్టకు రెండవ ప్రతి లేదు. అయినను ఆ గ్రంథము నేడు మన చేతులలో ఉన్నది. ఎందుకనగా దానిని పలికిన మనిషియు వ్రాసిన మనిషియు ఆ కుంపటి దగ్గర లేరు. వెళ్ళి దాగియుండుమని ప్రధానులు వారికి ముందే చెప్పి పంపివేశారు. తరువాత బారూకు మరియొక చుట్ట తీసికొని, ప్రవక్త నోట విని తిరిగి వ్రాసెను. మొదటి దానిలో లేని మాటలు కూడ దానిలో చేరినవి.

మన విశాఖపట్టణమునకే సంబంధించిన మరియొక సంగతి ఉన్నది. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డే గ్రాంజెస్ అను ఇద్దరు 1805లో విశాఖపట్టణము వచ్చారు. ఆనందరాయరు అను తెలుగు సహోదరుని సహాయముతో సువార్తలను తెలుగులోనికి తర్జుమా చేయ మొదలుపెట్టారు. 1809లో క్రాన్, 1810లో డే గ్రాంజెస్ చనిపోయారు. వారి సువార్తలు 1812లో బెంగాలులోని శ్రీరాంపూర్‌లో అచ్చయినవి. అచ్చయిన కాగితము వారు చూడలేదు.

అదే సంవత్సరము మార్చి 11 సాయంత్రము శ్రీరాంపూర్ అచ్చుకూటములో కాగితముల గదిలో నిప్పు అంటుకొన్నది. విలియం కేరీగారు ఆ రోజున కలకత్తాలో ఉన్నారు. ఆయన ఎన్నో సంవత్సరములు కష్టపడి వ్రాసిన ప్రతులు కాలిపోయినవి. వాటిలో ఆయన తెలుగు వ్యాకరణము కూడ ఉన్నది. ఆయన మరల వ్రాయవలసి వచ్చినది. అది 1814లో గాని వెలువడలేదు. వ్రాసిన ప్రతులును, అచ్చువేయు కాగితమును, అక్షరములును అన్నియు ఒకే కప్పు క్రింద ఉన్నవి చూచారా? నా ఎక్స్‌టెన్షన్ బాక్సు జ్ఞాపకము వచ్చినది.

అయితే అక్కడ మిగిలినది ఒకటి ఉన్నది. అక్షరములను పోత పోయుటకు మూలమైన ఉక్కు పంచులు బూడిదలో చెడిపోకుండ దొరికినవి. కరగి ముద్దయిన సీసమును తీసి, ఆ పంచుల సహాయముతో మరల అక్షరములు పోశారు. సీసము కరగు వేడికి ఉక్కు కరగదని మన ఉక్కునగరములో ఫర్నేసు దగ్గర పని చేయు సహోదరులకు నేను చెప్పవలసిన పని లేదు. మొదటిదానిని కరగించిన వేడి రెండవదానిని కరగించలేకపోయినది. అందుచేతనే ఆ అచ్చుకూటము మరల నిలువగలిగినది.

ఇక శబ్దము సంగతికి వద్దాము. మందిరములోని ఆరాధనను ఇంటిలో కూర్చుండి వినుట రేడియోతో మొదలయినదని చాలామంది అనుకొందురు. కాదు, టెలిఫోను తీగతో మొదలయినది. లండన్ నగరములో 1895 నుండి ఎలెక్ట్రోఫోను అను ఒక సేవ ఉండెను. చందా కట్టినవారు చెవులకు గొట్టములు పెట్టుకొని నాటకశాలల సంగీతమును, ఆదివారము నాడు దేవాలయములలోని ప్రసంగమును ఇంటినుండియే వినేవారు. దేవాలయములో మైకు కనబడుట బాగుండదని దానిని బైబిలు ఆకారములో ఉన్న పెట్టెలో దాచి పెట్టేవారట. 1925లో ఆ సేవ మూతపడినది. రేడియో వచ్చిన తరువాత తీగ ఎవరికి కావలెను?

రేడియోలో మొదటి ఆరాధన అమెరికాలోని పిట్స్‌బర్గులో జరిగినదని చెప్పుదురు. కె.డి.కె.ఎ. స్టేషను పుట్టి రెండు నెలలే అయినది. 1921 జనవరి 2న కాల్వరీ ఎపిస్కోపల్ దేవాలయములోని సాయంకాల ఆరాధనను వారు ప్రసారము చేశారు. పెద్ద పాదిరిగారికి ఈ క్రొత్త యంత్రము మీద అంత నమ్మకము లేక సహాయకునితో ప్రసంగము చెప్పించారు. సాంకేతిక పని చూచిన ఇద్దరిలో ఒకరు కాథలిక్కు, ఇంకొకరు యూదుడు. సంఘస్థుల దృష్టి వారి మీద పడకుండ వారికి గాయక బృందపు అంగీలు తొడిగించారు. (మా మందిరములో ఆ పద్ధతి పెట్టినయెడల మే నెల ఉక్కలో మైకు చూచుకొనుటకు ఒక్కడును రాడు.)

ఆ కాలమున దూరపు కార్యక్రమములు టెలిఫోను తీగ మీద స్టేషనుకు చేరేవి. తీగ తెగినయెడల గాలిలో నిశ్శబ్దమే. అందుచేత అమెరికా స్టేషన్లలో పియానో వాయించువానిని ఒకనిని సిద్ధముగా కూర్చుండబెట్టేవారు. తీగ తెగిన క్షణమున అతడు వాయించవలెను. ఆ పనివాని పేరు ఏ కార్యక్రమ పట్టికలోను ఉండదు. పని అంతా సక్రమముగా జరిగిన దినమున అతడు ఏమియు చేయకుండ ఇంటికి వెళ్ళును.

1929 జూలై 15న సాల్ట్ లేక్ నగరపు మోర్మను టాబర్నకిల్ గాయక బృందము దేశవ్యాప్త ప్రసారమును మొదలుపెట్టినప్పుడు వారికి ఉన్నది ఒకే మైకు. అది గాయకుల కొరకు ఎత్తున వ్రేలాడుచున్నది. ప్రకటనలు చేయవలసిన టెడ్ కింబల్ అను యువకుడు దానిని అందుకొనుటకు నిచ్చెన ఎక్కి, కార్యక్రమము అయ్యేవరకు నిచ్చెన మీదనే నిలిచియున్నాడు. ఆ సంఘమువారే తరువాత 1950లలో తమ సభలను టెలిఫోను తీగల ద్వారా దూరపు మందిరములకు వినిపించారు. నేడు ఉపగ్రహము, ఇంటర్నెట్ ఉన్న ఏ సంఘములోనైనను చిత్రము ఆగిపోయినప్పుడు కనీసము శబ్దమైనను అందుటకు టెలిఫోను లైనును ప్రక్కన ఉంచుకొనుట మంచి పద్ధతి. 1895లో మొదటిదై, 1925లో పనికిరాదనిపించుకొన్న తీగ ఇప్పుడు రెండవదై తిరిగి వచ్చినది.

రికార్డు చేసినదానిని ప్రసారము చేయుటకు అమెరికా పెద్ద నెట్‌వర్కులు చాలాకాలము ఒప్పుకొనలేదు. ప్రత్యక్షముగా పలికినదే నిజమైన ప్రసారమని వారి పట్టు. యుద్ధము తరువాత జర్మనీ నుండి అయస్కాంతపు టేపు యంత్రములు వచ్చి, 1947 అక్టోబరులో గాయకుడు బింగ్ క్రాస్బీ కార్యక్రమము టేపు మీదనుండి ప్రసారమైన పిమ్మట ఆ పట్టు సడలినది.

కాని రికార్డు విలువ ఏమిటో అంతకు ముందే లండన్ వారికి తెలిసినది. అక్కడ సెయింట్ మేరీ-లె-బో అను పాత దేవాలయము ఉన్నది. దాని గంటలను బి.బి.సి. వారు 1926లో రికార్డు చేసి ఉంచారు. రెండవ ప్రపంచ యుద్ధకాలములో కార్యక్రమముల మధ్య ఖాళీలో ఆ గంటల శబ్దమును దూరదేశములకు వినిపించేవారు. 1941 మే 10 రాత్రి బాంబులు పడి దేవాలయము కాలిపోయినది, గంటలు నాశనమైనవి. రేడియోలో మాత్రము ఆ గంటలు మ్రోగుచునేయున్నవి. శత్రువు ఆక్రమించిన దేశములలో తలుపులు మూసికొని రహస్యముగా రేడియో వినేవారికి అవి వినబడుచునేయున్నవి. క్రొత్త గంటలు పోసి ఆ గోపురములో తిరిగి మ్రోగించుటకు 1961 వరకు పట్టినది. ఇరువది సంవత్సరములు ఆ దేవాలయపు స్వరము దేవాలయములో లేదు, రికార్డులో ఉన్నది.

మన తెలుగు నేలకు వస్తే, మద్రాసు ఆకాశవాణి 1938లో, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న, మన విశాఖపట్టణము కేంద్రము 1963 ఆగస్టు 4న ప్రారంభమైనవి. ఢిల్లీ నుండి వచ్చు వార్తల మధ్యలో తీగ తెగినప్పుడు ఏమి వినబడేదో మీలో యాభై దాటినవారు చెప్పగలరు. ముందు గుసగుసమను శబ్దము. తరువాత అంతరాయమునకు చింతిస్తున్నామని ఒక నెమ్మదైన స్వరము. ఆ పైన వీణయో వేణువో. మా నాన్నగారు ఆ మాట వినగానే రేడియోను తట్టుట మానివేసేవారు. లోపము మన పెట్టెలో లేదని తెలిసినది గదా. ఈ చిన్న సంగతిని జ్ఞాపకముంచుకొనుడి, దీని పనిబడుతుంది.

మన విశ్వాసులలో చాలామంది తెలుగు క్రైస్తవ ప్రసంగములు విన్నది దూరదేశపు కేంద్రములనుండియే. ఫార్ ఈస్ట్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ మనీలాలో 1948 జూన్ 4న మొదటి ప్రసారము చేసినది. హిందూ మహాసముద్రములోని సీషెల్స్ దీవులనుండి ఫెబా రేడియో 1970లో మొదలుపెట్టి, 2003 వరకు తెలుగుతో సహా అనేక భారతీయ భాషలలో షార్ట్‌వేవ్ మీద వినిపించినది. వారి యాంటెన్నా స్తంభములు ఒడ్డు మీద కాక సముద్రములో పగడపు దిబ్బ మీద నిలిచియుండేవి. ట్రాన్స్ వరల్డ్ రేడియో 1970ల చివర శ్రీలంకలోని పుత్తళం నుండి మీడియం వేవ్ మీద ప్రసారమునకు పూనుకొన్నది.

సీషెల్స్ మనకు దాదాపు 4 వేల కిలోమీటర్ల దూరము. తెలుగు ప్రసంగీకుడు ఇక్కడ మన దేశములోని స్టూడియోలో మాట్లాడితే ఆ టేపు సముద్రము దాటి వెళ్ళవలెను. ఏడు అంగుళముల చక్రము మీద 1,200 అడుగుల టేపు పట్టును. సెకనుకు ఏడున్నర అంగుళముల వేగముతో నడిపినయెడల అది సుమారు 32 నిమిషములు. ఆ చక్రము పార్సెలులో ఎక్కడ ఆగినను ఆ వారపు స్వరము ఆగినట్లే. అందుచేత ఇటువంటి కేంద్రమేదైనను కొన్ని వారముల టేపులను నిలువ ఉంచుకొనకుండ నడువదు. ఆ నిలువకు ఒక వెల ఉన్నది. నెలల ముందు రికార్డు చేసిన టేపునకు నిన్నటి సంగతి తెలియదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచివేసినది. వేలకొలది ప్రాణములు పోయినవి. అటువంటి వారములో అంతకు ముందే చేరియున్న టేపు ఎంత మంచిదైనను ఏడ్చుచున్నవారిని పేరు పెట్టి పలుకరించలేదు. సిద్ధముచేసి పెట్టిన మాటకు ఉన్న లోపము ఇదే. దీనికి ఏమి చేయవలెనో చాలాకాలము నాకు తోచలేదు.

2014 అక్టోబరు 12. ఆదివారము. ఆ తేదీ చెప్పగానే విశాఖవారు తలలు ఊపుదురు. హుద్‌హుద్ తుపాను మధ్యాహ్నమునకు మన తీరము దాటినది. గాలి గంటకు 180 కిలోమీటర్లకు పైగా వీచినది. విమానాశ్రయపు కప్పు ఎగిరిపోయినది. తుపానును కనిపెట్టుచున్న వాతావరణ శాఖవారి రాడారే దెబ్బతిన్నది. ఉక్కు కర్మాగారములో ఉత్పత్తి ఆగిపోయినది. స్తంభములు పడి కరెంటు రోజుల తరబడి లేదు, ఫోను టవర్లు మూగవోయినవి. మా మందిరములో అప్పటికి ఐదు సంవత్సరముల ప్రసంగములు కంప్యూటరులో భద్రముగా ఉన్నవి. వాటిని తెరచుటకు కరెంటు లేదు. ఫోనులలో ఉన్నవి బ్యాటరీ ఉన్నంతవరకే. మూడవ దినమున పాస్టరుగారు విరిగిన చెట్ల మీదుగా దాటుకొనుచు ఇల్లిల్లు తిరిగి, గుమ్మములో నిలువబడి ఒక్కొక్క నిమిషము ప్రార్థించి వెళ్ళారు. మైకు లేదు, మిక్సరు లేదు. ఆ వారమునకు అదే మా ప్రసారము.

నేను అది చూచియు 2020లో మూడు ప్లగ్గులను ఒకే బాక్సులో పెట్టితిని! మనిషి ఎంత త్వరగా మరచిపోవునో చూడుడి.

ఇప్పుడు మేము ఏమి చేయుచున్నామో చెప్పెదను, మీ మందిరములో ఎవరికైనను పనికి రావచ్చును. పుల్పిట్ మీద రెండు మైకులు ఉన్నవి. ఒకటి మిక్సరుకు వెళ్ళును. రెండవది కాలరుకు తగిలించు చిన్న మైకు, అది నేరుగా కాన్ఫరెన్సు కాల్ ఫోనుకు వెళ్ళును, మిక్సరును ముట్టదు. ఆ ఫోనులోని సిమ్ము ఇంటర్నెట్ ఇచ్చు కంపెనీది కాదు, వేరొకరిది. కరెంటు పోయినను, మిక్సరు చెడినను, ఇంటర్నెట్ ఆగినను అమ్మమ్మగారి తలగడ ప్రక్కన మాట ఆగదు. శబ్దము అంత తియ్యగా ఉండదు, ఫ్యాను గాలి కూడ వినబడును. పరవాలేదు.

రికార్డు చేసిన శబ్దము వేరొక పాత ఫోనులో ఉంటుంది. దానిలో సిమ్ము లేదు, పైగా ఫ్లైట్ మోడులో పెట్టియుంచుదుము. ఎందుకనగా ఒకమారు ప్రార్థన మధ్యలో ఎవరో ఫోను చేసి, సినిమా పాట అన్ని ఇండ్లలో మ్రోగినది. ఆ రికార్డును శనివారము సాయంత్రము, ఆదివారము వాడు అదే మైకుతో, అదే చోట నిలిచి చేయుదుము. పెరటిలో చేసినయెడల స్వరము మారి, వినేవారు వేరొకరెవరో వచ్చారనుకొందురు. శబ్దపు ఎత్తు కూడ సమానముగా ఉండవలెను. మంచముమీది వారికి స్పీకరు తగ్గించుకొనుటకు చెయ్యి అందదు గదా.

దానిలో అన్నిటికంటె ముందుగా ఉన్నది ప్రసంగము కాదు, పాట కాదు. ఇరువది సెకండ్ల మాట. పాస్టరుగారి స్వరములో, ప్రసారము తెగినదని, మేమందరము క్షేమముగా ఉన్నామని, మీ ఫోను బాగానే ఉన్నదని, ఇప్పుడు మీరు వినబోవునది నిన్న రికార్డు చేసినదని చెప్పు మాట. నాన్నగారి రేడియోలో విన్న ఆ నెమ్మదైన స్వరమునుండియే దీనిని నేర్చుకొన్నాను. ఆ తరువాత ఒక కీర్తన, వాక్యపఠనము, చిన్న ప్రసంగము. రికార్డు చేసినదానిని ప్రత్యక్షమన్నట్లు వినిపించుటకు నేను ఒప్పుకొనను, ఈ విషయములో మాలో మాకు వాదము జరిగినది. తెలియనప్పుడు ఏమి నష్టమని కొందరన్నారు. అది నిన్నటిదని చెప్పినయెడల, ఈ ఉదయము జరిగిన మరణమును అందులో ఎందుకు పలుకలేదో వినేవారికి తెలియును. టేపునకు నిన్నటి సంగతి తెలియదని పైన వ్రాశాను. తెలియదని అదే ఒప్పుకొంటే సగము బాధ పోవును.

మనిషికి కూడ రెండవ మనిషి కావలెను. గాజువాకలో మైకు చూచుకొను యౌవనులందరు ఏదో ఒక షిఫ్టులో పని చేయువారే. ఈ ఆదివారము ఉన్నవానికి వచ్చే ఆదివారము ఉదయపు షిఫ్టు పడును. అందుచేత ఇద్దరు సహోదరులు, ఒక సహోదరి వంతుల ప్రకారము నేర్చుకొన్నారు. ఆరాధనకు ముందు వారిలో ఒకరు నాకు చెప్పకుండ ఏదో ఒక ప్లగ్గు పీకివేయుదురు. నేను వాచీ చూచుకొనుచు పరుగెత్తవలెను. మొదటిసారి నాలుగు నిమిషములు పట్టినది. ఇప్పుడు పది సెకండ్లు. మన ఉప్పుగాలికి జాకు పిన్నులు నెలకే పచ్చబడును, దుమ్మునకు మిక్సరు మీటలు గరగరలాడును. ఆ రెంటిని తుడుచుట కూడ ఈ పరీక్షలోనే బయటపడినది.

ఇంకొక్క మాట, మీ ఇండ్లలోని పాత క్యాసెట్టుల గురించి. ఆ కాలమున టేపు ఖరీదైనది గనుక ప్రసారమైన పిమ్మట దానిని చెరిపి మరల వాడుట రేడియో స్టూడియోలలో సాధారణమైన అలవాటు. అందుచేత ఒకప్పుడు వేలమంది విన్న తెలుగు ప్రసంగములలో అనేకము నేడు ఎక్కడను లేవు. ఉన్నయెడల వినేవారి ఇండ్లలో, రేడియో ముందర టేపు రికార్డరు పెట్టి ఎర్ర బటను నొక్కినవారి పెట్టెలలో ఉండవలెను. మీ అటక మీద అటువంటిది ఉన్నయెడల సరదాగా వేసి వినకుడి. టేపు మీద తెల్లని బూజు కనబడితే అసలే వేయకుడి, శుభ్రముచేయు పని తెలిసినవారికి చూపుడి. బూజు లేనియెడల వేసిన మొదటిసారియే కంప్యూటరులోనికి ఎక్కించుడి. రెండవసారి అది తెగిపోవచ్చును. తేదీ తెలిసిన వరకు, ప్రసంగీకుని పేరు తెలిసిన వరకు పెట్టె మీద వ్రాయుడి.

ఆ అమ్మమ్మగారి దగ్గర అటువంటిది ఒకటి దొరికినది. ఆమె భర్త 1980లలో రాత్రిపూట షార్ట్‌వేవ్ మీద రికార్డు చేసినది. స్టేషను ఈలవేయుచు దూరమగును, మరల దగ్గరకు వచ్చును. నడుమ ఎక్కడో ఆయన దగ్గుట కూడ వినబడును. ప్రసంగము మంచి పట్టులో ఉండగా ఒక వైపు అయిపోయి టక్కుమని శబ్దము, త్రిప్పివేయునంతలో రెండు మూడు వాక్యములు పోయినవి. దానిని మేము ఎక్కించి ఆమె ఫోనులో పెట్టాము. ఇప్పుడు ఆ ప్రసంగమునకు మూడు ప్రతులు ఉన్నవి. ఒకటి మా మందిరములో, ఒకటి ఆమె తలగడ ప్రక్కన, మూడవది అనకాపల్లిలో ఆమె మనుమరాలి ఇంటిలో.